గోడ దిగిన తుపాకులు

బహ్రెయిన్‌లో నేను పనిచేసిన ఇంట్లో మనుషులకన్నా ముందు నాకు పరిచయమైనవి తుపాకులు. విమానం దిగి సంచి కింద పెట్టానో లేదో, ఇంటావిడ నా చేతికి ఒక మెత్తటి గుడ్డ, చిన్న నూనె సీసా ఇచ్చి పెద్ద హాల్లోకి తీసుకెళ్ళింది. మగ అతిథులు వచ్చి కూర్చునే ఆ హాలును వాళ్ళు మజ్లిస్ అంటారు. గోడకు కొయ్య మేకుల మీద నాలుగు తుపాకులు ఉన్నాయి. రెండు అడ్డంగా, రెండు కత్తెర వేసినట్టు. వాటి కింద ఇంటాయన కూర్చునే సోఫా. గురువారం సాయంత్రం అతిథులు వస్తారు కాబట్టి గురువారం మధ్యాహ్నానికల్లా వీటి దుమ్ము దులిపి, ఇనుముకు నూనె రాయాలని చేత్తో చేసి చూపించింది. మా కోనసీమలో దేవుడి పటాలకు కూడా ఇంత వైభోగం జరగదు.

ఇంటాయన్ని బాబా అనాలి, ఇంటావిడను మామా అనాలి. అక్కడ పనివాళ్ళందరూ అలాగే పిలుస్తారు. నాకన్నా చిన్నవాడైన మనిషిని పట్టుకుని బాబా అనడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. వచ్చాక కూడా మనసు రాలేదు.

తొంభైల మొదట్లో ఆ వీధిలో తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ అది గోడ మీదే ఉండేది. దాచుకునే వస్తువు కాదది. కాఫీ గిన్నెలు తిరగడం మొదలవగానే బాబా లేచి ఒకదాన్ని దింపేవాడు. అది చేతులు మారేది. ఒకాయన బరువు చూసేవాడు, ఒకాయన కన్ను మూసి దీపానికి గురిపెట్టేవాడు. ఒకసారి ఒక పెద్దమనిషి, ఖర్జూరాల పళ్ళెంతో వస్తున్న నా వైపు తిప్పాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పళ్ళెం అక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్ళి, ఆ పెద్దమనిషి వంశాన్ని మూడు తరాల దాకా తెలుగులో తిట్టుకున్నాను. తెలుగు రాని ఇంట్లో పనిచేయడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అది.

నాలుగింటిలో పాతదానికి వెండి కట్లు ఉండేవి. బాబా తాతది. ఆ తాత ఎడారిలో ఏవేవో వేటాడాడని ప్రతి గురువారం అదే కథ చెప్పేవాడు. అది ఎన్నడో పేలడం మానేసింది. బాబా మాత్రం ఎప్పుడూ ఏ పిట్టనూ కొట్టినట్టు నేను వినలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుండేది ఆ వరస. అయినా ఆ ముసలి తుపాకీ అంటే నాకు కోపం లేదు. నా కోపమంతా రెండు గొట్టాల వేట తుపాకీ మీద. అది పనిచేస్తుంది.

తుపాకీని గోడకెందుకు పెడతారో నాకు చిన్నప్పుడే తెలుసు. మా ఊరి మోతుబరి ఇంట్లో పడక్కుర్చీ వెనక ఒకటి ఉండేది. ఆయన దాన్ని తీయడం ఎవరూ చూడలేదు. మా నాన్న కౌలు మాట్లాడటానికి వెళ్ళి, తువ్వాలు చేత్తో పట్టుకుని ఆయన మొహం చూడలేక ఆ తుపాకీనే చూస్తూ నిలబడేవాడు. ఆయన ఏది చెబితే దానికి తలూపి వచ్చేవాడు. అది గోడ మీద ఉండి చేసే పని అదే. అందుకే ఆ గుడ్డ, ఆ నూనె సీసా పట్టుకుంటే నాకు ఒళ్ళు మండేది. చింతపండు పెట్టి తోముకున్నా ఆ నూనె వాసన అన్నం ముద్దలో తగిలేది.

ఇదంతా నా తలబిరుసుతనం అనుకుని ఊరుకునేదాన్నే, పాప లేకపోతే.

నేను వెళ్ళేసరికి పాప దోగాడుతోంది. మామా కన్నది, బాబా పేరు పెట్టాడు, మిగిలిందంతా నేనే చేశాను. పాలు, స్నానం, నిద్ర, జ్వరం, మొదటి అడుగులు. మజ్లిస్‌లో ఏసీ చల్లగా ఉంటుందని మధ్యాహ్నం దాన్ని అక్కడి సోఫాలో పడుకోబెట్టమనేది మామా. అంటే సరిగ్గా తుపాకుల కింద. నేను కింద తివాచీ మీద కూర్చుని ఆ కొయ్య మేకులనే చూస్తూ ఉండేదాన్ని. నేను కాపలా కాసింది నిజానికి దాని నిద్రకు కాదు, ఆ మేకులు ఎక్కడ ఊడతాయోనని.

ఒక గురువారం బాబా రెండు గొట్టాలదాన్ని దింపి మధ్యకు విరిచాడు. రెండు తోటాలు బయటికి వచ్చాయి. బంధువుల తోటలో పావురాలను బెదరగొట్టడానికి తీసుకెళ్ళి, తెచ్చి అలాగే తగిలించాడట. ఎన్నాళ్ళనుంచి ఉన్నాయో తెలియదు. తీసి జేబులో వేసుకుని కాఫీ తాగాడు.  అవి లోపల ఉండగానే ఆ మధ్యాహ్నం నేను దాన్ని గుడ్డతో రుద్దాను. పాప దాని కింద నిద్రపోయింది.

మర్నాడు మామాతో చెప్పాను, అరబ్బీ సగం, హిందీ సగం కలిపి. ఆవిడ గోళ్ళకు రంగు వేసుకుంటూ, అవి ఖాళీవి, భయపడకు అంది. నిన్న రెండు తోటాలు ఉన్నాయి కదా అన్నాను. ఇప్పుడు లేవుగా అంది. 

ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడే, నిజామాబాద్ వైపునుంచి వచ్చిన డ్రైవరు. మంచివాడే కానీ ఎదుటివాడు కఫీల్ అయితే చాలు, వంగి వంగి నడుం పోగొట్టుకున్న రకం. కఫీల్ అంటే మన వీసా పెట్టుకున్న యజమాని. మాకిద్దరికీ బాబాయే కఫీల్.

"గట్ల గాబరా వడకు చెల్లె," అన్నాడు నేను చెప్పింది విని. "దుబాయిల గిది మామూలే. పెద్దోళ్ళ ఇండ్లల్ల తుపాకి లేకుంటే ఇజ్జత్ ఉండదు."

"ఇది దుబాయి కాదన్నయ్యా, బహ్రెయిన్."

"ఏదైతేంది. మా ఊరోళ్ళకు అన్నీ దుబాయే."

"ఇజ్జత్తు సంగతి ఆయన చూసుకుంటాడు. పాప సంగతి ఎవరు చూత్తారు? ఆ సోఫాలోనే కదా పడుకుంటది."

"పాప ఆయన బిడ్డ. నీ బిడ్డ కాదు," అన్నాడు. నిజమే. ఆ నిజం నాకు నచ్చలేదు. రెండు రోజులు వాడి టీలో పంచదార వేయలేదు.

కొన్నాళ్ళకు అక్కడి ఊళ్ళలో ప్రభుత్వం మీద గొడవలు మొదలయ్యాయి. జిదాఫ్స్ వైపు రోడ్ల మీద టైర్లు తగలబెడుతున్నారని, పోలీసులు కార్లు ఆపి చూస్తున్నారని డ్రైవరు చెప్పేవాడు. నెల తిరక్కుండా మా వీధిలో గోడలన్నీ బోసిపోయాయి. నిన్నటిదాకా చూపించుకోవడానికి తగిలించిన వస్తువును ఇప్పుడు ఎవరూ చూడకూడదు. శుక్రవారాలు హూరా పేటలో మా వైపు ఆడవాళ్ళం కలిసే గదిలో ఇదే కబురు. ఒకామె ఇంట్లో తుపాకీని దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టారట. ఒకామె ఇంట్లో పెళ్ళి బట్టల బీరువాలో, పట్టు గౌన్ల మధ్య నిలబెట్టారట. ఇంకొకామె ఇంట్లో స్నానాలగది పైకప్పు పలక తీసి అందులో దూర్చారట. ఆమె స్నానం చేస్తున్నంతసేపూ పైకే చూస్తుందట. అందరం పడీ పడీ నవ్వుకున్నాం. పనిచేసే వాళ్ళకు ఇంటి రహస్యాలు చెప్పక్కర్లేదు. దుమ్ము దులిపేది మేమే కదా.

మా బాబా మాత్రం దాచలేదు. దాస్తే ఇక ఆయన బాబా ఎలా అవుతాడు. వడ్రంగితో టేకు చెక్క అల్మారా చేయించాడు. ముందు అద్దాల తలుపు, లోపల పచ్చ గుడ్డ, పైన చిన్న దీపం. తుపాకులు గోడ దిగి అందులో నిలబడ్డాయి. లైసెన్సు కాగితాన్ని కూడా ఫ్రేము కట్టించి లోపల పెట్టాడు. తాళం ఉంది కాబట్టి జాగ్రత్త, అద్దం ఉంది కాబట్టి గొప్ప. రెండూ తీరాయి. గోడ మీద మాత్రం వాటి ఆకారాలు తెల్లగా మిగిలాయి, చుట్టూ రంగు మాసి. నన్ను రుద్దమన్నారు. సబ్బు పెట్టి రుద్దాను, సోడా పెట్టి రుద్దాను, పోలేదు. చివరికి గుర్రం బొమ్మ ఉన్న పెద్ద పటం తెచ్చి తగిలించారు.

పాపకు ఇక ప్రమాదం లేదనుకుని ఒక వారం హాయిగా నిద్రపోయాను. తర్వాత తాళంచెవి ఎక్కడ పెడుతున్నాడో చూశాను. అల్మారా నెత్తినే. చెయ్యెత్తి తీయడం, తెరవడం, మళ్ళీ అక్కడే పడేయడం. దొంగ ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. నాలుగేళ్ళ పిల్ల కూడా వెతుక్కోనక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం నేను పాలు వెచ్చబెట్టి వచ్చేసరికి పాప సోఫాలో లేదు. అల్మారా ముందు ముక్కాలిపీట, తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు గొట్టాలది తివాచీ మీద పడుకుని ఉంది. పాప తన బొమ్మ దుప్పటి దాని మీద కప్పి, గొట్టాల దగ్గర మొహం పెట్టి జోకొడుతోంది. నేను పాడే జోలపాటే, సగం సగం తెలుగులో. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది, నిద్రపోతోంది, లేపకు అని.

అరవలేదు. అరిస్తే అది ఉలిక్కిపడి ఎక్కడ చెయ్యి వేస్తుందోనని. మెల్లగా వెళ్ళి దాన్ని ఎత్తుకున్నాను. గది బయట దించి, వెనక్కి వచ్చి ఆ దరిద్రాన్ని రెండు చేతులా ఎత్తి లోపల పెట్టి తాళం వేశాను. తోటాలు ఉన్నాయో లేవో నాకు విరిచి చూడటం రాదు. తాళంచెవిని అల్మారా మీద పెట్టడానికి చెయ్యెత్తి, దించేశాను.

మా వైపు ఆడవాళ్ళకు పుస్తెలతాడే బీరువా. పిన్నీసులు దానికే, ఇనప్పెట్టె తాళాలు దానికే. మా అమ్మ బియ్యం గాదె తాళంచెవి కూడా పుస్తెలకే కట్టుకు తిరిగేది. నేనూ అలాగే ఆ తాళంచెవిని పెద్ద పిన్నీసుకు ఎక్కించి పుస్తెలతాడుకు పెట్టుకుని, నైటీ లోపలికి తోసుకున్నాను. అప్పుడు నాకది తప్పని తోచలేదు. సాయంత్రం మామాకు జరిగింది చెప్పాను. తాళంచెవి నా దగ్గర ఉందని కూడా చెప్పాను. ఆవిడ సరే అని తలూపి ఫోన్లో పడింది. వినలేదని ఆ గురువారం తెలిసింది.

అతిథులు వచ్చారు. బాబా అల్మారా మీద చెయ్యి పెట్టాడు, తడిమాడు, వంగి కింద చూశాడు. మొహం మాడింది. మామాను కేకేశాడు. ఆవిడ తనకేం తెలియదంది. డ్రైవర్ని పిలిచాడు. డ్రైవరు నా వైపు చూశాడు. పోలీసు అన్న మాట వినబడింది. నేను కాఫీ కూజా కింద పెట్టి గుమ్మంలోకి వెళ్ళాను. ఆ గుమ్మంలోనే, అందరూ చూస్తుండగా, మెడలోంచి తాడు పైకి లాగాను. పుస్తెలు, నాలుగు పిన్నీసులు, వాటి మధ్య ఆయన తుపాకుల తాళంచెవి.

 ఒక ముసలాయన దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాడు. వాళ్ళ తాతల ఆయుధాల తాళం పనిమనిషి మెడలో ఉందంటే ఆ ఇంటి మగాడికి అంతకన్నా నామర్దా ఉంటుందా. అదంతా నాకు ఆయన చెవులు ఎర్రబడటం చూశాకే తెలిసింది. కానీ అప్పటికే నా నోరు తెరుచుకుంది.

"పాప తలుపు తీసింది బాబా. తుపాకీ పక్కన పడుకుంది. మీరు తాళంచెవి దానికి అందేచోట పెట్టారు, అందుకే తీశాను. అందని చోట పెడతానంటే ఇస్తాను."

పెడతానంటే అన్న మాట దగ్గర ఆయన కదిలాడు. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. పిన్నీసు విప్పి ఇచ్చాను.  ఆ మనిషి తన బిడ్డకు ఏమైందని అడగలేదు. ఎవరూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక ఒకే మాట అన్నాడు. ఖలాస్. అయిపోయిందని. ఇంకో పనిమనిషి రాగానే నన్ను పంపించేస్తానన్నాడు.

"నీకెందుకు చెల్లె ఆ లొల్లి," అన్నాడు డ్రైవరు. "తాళంచెవి మామా చేతిల పెడితే ఒడిసిపోవు కదా."

"ఆవిడ చేతిలో గోళ్ళ రంగు సీసా తప్ప ఇంకోటి నిలవదన్నయ్యా."

"జర కాళ్ళు మొక్కు. మాఫ్ చేస్తడు."

"మొక్కను," అన్నాను. మొక్కలేదు.

అయితే నా మాట పనిచేసింది. అదే నాకు కలిగిన సంతోషం. ముసలాయన నవ్వు బాబాకు ముల్లులా గుచ్చుకున్నట్టుంది, వారం తిరిగేసరికి నలుగురు మనుషులు మోసుకొచ్చిన ఉక్కు బీరువా దిగింది. మనిషంత ఎత్తు, బూడిద రంగు, తాళంచెవి లేదు, నంబర్ల మీటలు. మజ్లిస్ పక్కన చిన్న గదిలో దాన్ని గోడకు బిగించారు. తుపాకులు అందులోకి పోయాయి. తోటాలు వేరే పెట్టెలోకి పోయాయి. టేకు అల్మారాలో గాజు సామాను పెట్టారు. ఆ చిన్న గదిలో నా అడుగు పడకూడదన్నారు. పడకపోతే పీడాపోయింది, దుమ్ము దులిపే చాకిరీ తప్పింది అనుకున్నాను.

కానీ గురువారాలు ఆగలేదు. ఇప్పుడు అతిథులు కాఫీ తాగి ఆ చిన్న గదిలోకి నడిచేవాళ్ళు. తలుపు మందం ఎంత, నిప్పుకు తట్టుకుంటుందా, ఏ దేశం నుంచి తెప్పించావు. గొప్ప తుపాకీని వదిలి బీరువాను పట్టుకుంది. పాపను చంకనెత్తుకుని బాబా వాళ్ళను లోపలికి తీసుకెళ్ళేవాడు. కాసేపటికి చప్పట్లు వినిపించేవి. తుపాకీ కోసం చప్పట్లు కొట్టే వెధవలు అనుకుంటూ నేను వంటింట్లో గిన్నెలు తోముకునేదాన్ని.

కొత్త పనిమనిషి వచ్చింది. నా సామాను ఒక పెట్టె, ఒక సంచి. బయల్దేరే పూట పాప నా మెడ వదల్లేదు. దానికి ప్రయాణమంటే హూరా వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడమే. ఏడవకుండా ఉండాలని నేను దాని జుట్టు దువ్వుతూ కూర్చున్నాను. అది నా చెవిలో నోరు పెట్టి, నీకొక రహస్యం చెప్తాను, ఎవరికీ చెప్పకు అంది. ఒక్కొక్క అంకె వేలు మడుస్తూ చెప్పింది. బాబా నాతోనే నొక్కిస్తాడు, తలుపు తెరుచుకోగానే అందరూ చప్పట్లు కొడతారు అంది.

దువ్వెన పక్కన పెట్టాను. ఈ అంకెలు నాకు తెలుసని బయటపడితే నేను బీరువా తెరిచాననే అంటారు. తాళంచెవి మెడలో దొరికినదాన్ని, ఎవరు నమ్ముతారు. నోరు మూసుకుని విమానం ఎక్కితే నాకేం కాదు. పాస్‌పోర్టు ఇంకా బాబా జేబులోనే ఉంది.

ఆయనే కారు నడిపాడు. డ్రైవర్ని కూడా నమ్మలేదు కాబోలు. విమానాశ్రయం దారి సగం దాటాక చెప్పాను, పాపకు బీరువా నంబరు తెలుసని. ఆయన నా వైపు చూడలేదు.

"ఉండిపోవడానికి ఎత్తు వేస్తున్నావు," అన్నాడు. "చిన్నపిల్లకు గుర్తుంటుందా. నీకెలా తెలుసు?"

"నాకు చెప్పింది. చెప్పమంటారా?"

 నేను చెప్పాను, ఒక్కొక్క అంకె, పాప చెప్పిన వరసలోనే. కారు రోడ్డు పక్కన ఆగింది. ఆ క్షణంలో నన్ను నేరుగా పోలీసుల దగ్గరికి తీసుకెళ్తాడనే అనుకున్నాను.  ఆయన కారు ఇంటివైపు తిప్పాడు.

పాపను చెయ్యిపట్టుకుని ఆ చిన్న గదిలోకి తీసుకెళ్ళాడు. నన్ను రావద్దనలేదు, కొత్తమ్మాయి పక్కన గుమ్మంలో నిలబడ్డాను. తెరువు అన్నాడు, అంతే. అది మునివేళ్ళ మీద లేచి, నాలుక బయటపెట్టి, మీటలు నొక్కింది. పిడి పట్టుకుని వేలాడింది. తలుపు తెరుచుకుంది. చప్పట్ల కోసం నాన్న వైపు తిరిగి నవ్వింది. ఆయన చప్పట్లు కొట్టలేదు. కింద కూర్చుని దాన్ని గుండెకు అదుముకున్నాడు. అది ఊపిరాడక గింజుకుంది. తుపాకుల మధ్య తన బిడ్డను ఆయన మొదటిసారి చూడటం అదే అనుకుంటాను.

ఆ సాయంత్రమే తుపాకులు దుప్పట్లలో చుట్టి కారు డిక్కీలోకి ఎక్కాయి. బాబా అన్నగారి తోటలో ఉంచుతారట. తాతదీ పోయింది. మామా ఆ రోజు నాకు తన చేత్తో టీ ఇచ్చింది. ఉండమంటారేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ టీ చల్లారేదాకా ఎదురు చూశాను. పెట్టె గుమ్మం పక్కనే ఉంది. లోపల పెట్టమని ఎవరైనా అంటే పెట్టేసేదాన్ని.

ఉన్న మాటంటే ఉలుకెక్కువంటారు. రెండుసార్లు ఉన్న మాట అన్న మనిషి రోజూ కళ్ళెదుట తిరుగుతుంటే ఏ యజమాని భరిస్తాడు. బాబా తోటనుంచి తిరిగి వచ్చి, నా మొహం చూడకుండా పాస్‌పోర్టు డ్రైవరు చేతిలో పెట్టాడు.

"రేపటి విమానం చెల్లె," అన్నాడు డ్రైవరు.

మర్నాడు నన్ను దించడానికి వాడే వచ్చాడు. పాపను మాత్రం దాని పిన్ని ఇంటికి పంపించేశారు, చూడనివ్వలేదు.